ఎయిర్‌పోర్టుకి పొయ్యే దారిలో ద్రాక్షతోట

మా వేములలో 'బెంగుళూరు పోతాండాం' అంటే సగం సార్లు బెంగుళూరు ఊళ్లోకి కాదు, ఎయిర్‌పోర్టుకి అని అర్థం. కువైట్ పొయ్యేవాళ్లని దింపడానికి, అమెరికా నుంచి వచ్చేవాళ్లని ఎక్కించుకు రావడానికి. నేను డ్రైవింగ్ నేర్చుకున్నాక ఆ దారిలో ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. అన్నిసార్లూ రాత్రే. అందుకే ఆ దారిలో ఏముందో నాకు చాన్నాళ్లు తెలీదు. హెడ్‌లైట్ వెలుతురు పడినంత మేర రోడ్డు, బాగేపల్లి టోల్, టీ కొట్టు. అంతే.

మొన్న ఫిబ్రవరిలో మా పెద్దనాయన కొడుకు వాట్సాప్‌లో ఒక లొకేషన్ పంపాడు. నంది కొండల కింద, దొడ్డబళ్ళాపురం దగ్గర ఒక వైన్‌యార్డ్. కింద ఒక మెసేజ్: "ఒరే, దిగినంక నేరుగా ఈడికే పోదాం. టేస్టింగ్ చేసుకోని, సాయంత్రానికి ఇంటికి."

మ్యాప్ పెద్దది చేసి చూస్తే నాకే నవ్వొచ్చింది. మేం ఇన్నేళ్లుగా పరిగెత్తుకుంటూ పోయే ఎయిర్‌పోర్టుకి పాతిక కిలోమీటర్లు అటూ ఇటూగా ఉందది. దేశంలో పేరున్న వైన్ ఊరి గుమ్మం ముందు కారు పార్క్ చేసి, లోపలికి తొంగి కూడా చూడకుండా తిరిగొస్తున్నాం అన్నమాట.

మా అన్న ఉండేది కాలిఫోర్నియాలో, శాన్ హోసేలో. ఇండియా నుంచి ఎవరొచ్చినా నాపా తీసుకుపోతాడు. ప్లానింగ్‌లో వాడో పురుగు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగాలా, ఓక్లాండ్‌లోనా, శాక్రమెంటోలోనా, లేకపోతే శాంటా రోసాలో ఉన్న చిన్న ఎయిర్‌పోర్టులోనా అని అరగంట చెప్తాడు. నాపాలో పొయ్యేటప్పుడు 29వ నంబరు హైవే, వచ్చేటప్పుడు దానికి పక్కనే సమాంతరంగా సాగే సిల్వరాడో ట్రైల్ అంటాడు. కానీ ఆ తెలివంతా ఇక్కడికొచ్చేసరికి ఏమైందో! రెండు విమానాలు మారి అర్ధరాత్రి ఒకటిన్నరకు దిగేవాడు, పొద్దున పదకొండుకి వైన్ తాగి, ఆ తర్వాత రెండొందల కిలోమీటర్లు నా పక్కన కూర్చుంటాడట.

"నీకేం పోతాది, నువ్వు ఎనక సీట్లో నిద్రపోతావు. నడిపేది నేను గదా" అన్నాను.

"నువ్వు తాగొద్దులే."

"తాగేది కాదున్నా, నిద్ర సంగతి."

అక్కడ ఆగాడు. ఎందుకంటే వాడికి ఆ కథ తెలుసు.

మూడేళ్ల కిందట మా బావని కువైట్ ఫ్లైట్ ఎక్కించి తిరిగొస్తున్నాం. వెనక సీట్లో అక్క, దాని ఒళ్లో మూడేళ్ల పాప. గోరంట్ల దాటాక, తెల్లవారుజామున మూడు, మూడున్నర ఉంటుంది. నేను నిద్రపోయానని నాకు తెలీదు. ఎడమ చక్రాలు మట్టిలోకి దిగిన చప్పుడుకి మెలకువ వచ్చింది. ముందర కంపచెట్టు. దానవతల కల్వర్టు గోడ. బండి ఆగింది కాబట్టి ఇది రాస్తున్నాను. అక్క ఒక్క మాట కూడా అనలేదు. పాపని ఎత్తుకుని కారు దిగి, తెల్లారేదాకా రోడ్డు పక్కన నిలబడింది. తప్పు బండిది కాదు, రోడ్డుది కాదు, నాదే. ముందు రోజంతా సామాన్లు సర్దుతూ, చుట్టాలతో మాట్లాడుతూ పడుకోలేదు. మా వైపు ఎయిర్‌పోర్టు ట్రిప్ అంటే అంతే కదా. ఎవరూ పడుకోరు, డ్రైవర్‌తో సహా.

కాబట్టి ఈసారి ప్లాన్ నేనే వేస్తానని చెప్పేశాను. వైన్ ఏ బ్రాండ్ అనేది వాడిష్టం. ఏ రోజు, ఏ గంటకు, ఎవరు నడపాలి అనేది నా ఇష్టం.

ముందు ఎయిర్‌పోర్టు సంగతి

మా ఊరికి అన్నిటికన్నా దగ్గర కడప విమానాశ్రయం. వేంపల్లె మీదుగా గంటన్నర. 2015 జూన్‌లో కొత్త టెర్మినల్ తెరిచారు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం మొదలైన రోజున జెండా ఊపిన మొదటి విమానాల్లో కడప-హైదరాబాద్ ఒకటి. ఆ రోజు మేమంతా తెగ సంబరపడ్డాం. కానీ చిన్న విమానాశ్రయాలతో చిక్కేంటంటే సర్వీసులు వస్తుంటాయి, పోతుంటాయి, టైములు సీజన్ సీజన్‌కీ మారతాయి. విదేశాల నుంచి వచ్చేవాళ్లు అక్కడిదాకా ఒకే టికెట్ మీద రాగలిగితే బంగారం. రెండు వేర్వేరు టికెట్లు కొనుక్కుంటే మాత్రం, మొదటి విమానం లేటయి రెండోది పోతే ఆ డబ్బు కూడా పోయినట్టే. పైగా మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, కస్టమ్స్ చూసుకుని, పెట్టెలు తీసుకుని, మళ్లీ చెక్ఇన్ చేయాలి. ముప్పై కిలోల పెట్టెలు నాలుగు ఉన్నప్పుడు అది సరదా కాదు.

హైదరాబాద్ మాకు నాలుగొందల కిలోమీటర్ల దాకా ఉంటుంది. తిరుపతి అయితే కడప, రాజంపేట, కోడూరు మీదుగా రేణిగుంట. దర్శనం పెట్టుకుంటే ఆ దారి బాగుంటుంది, ద్రాక్షతోటకైతే అది పూర్తిగా వ్యతిరేక దిక్కు. చెన్నై ఇంకా దూరం. పుట్టపర్తిలో కూడా రన్‌వే ఉంది, 1990లో కట్టారు. మ్యాప్‌లో చూసి ఆశపడకండి, టికెట్ కొని ఎక్కే విమానాలు అక్కడికి రావు.

ఇక మిగిలింది బెంగుళూరు. 2008 మే నెలలో దేవనహళ్లికి మారకముందు ఎయిర్‌పోర్టు నగరం లోపల, హెచ్ఏఎల్ దగ్గర ఉండేది. మా పెద్దనాయన అప్పటి కథలు చెప్తుంటాడు. రెండొందల కిలోమీటర్లు ఒక ఎత్తు, హెబ్బాళ నుంచి ఎయిర్‌పోర్టు దాకా ఒక ఎత్తు అని. ఇప్పుడది ఊరికి ఉత్తరాన, అంటే మన వైపుకి వచ్చి కూర్చుంది. సిటీ ట్రాఫిక్ మొహం చూడకుండా దిగేయొచ్చు. 2023 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ విమానాలు టెర్మినల్ 2కి మారాయి. చుట్టాలని ఎక్కించుకోడానికి పోయి టెర్మినల్ 1 ముందు నిలబడి ఫోన్లు చేసుకునే జనం ఇప్పటికీ ఉన్నారు. నేనూ ఒకసారి నిలబడ్డాను.

వైన్ అనగానే చాలామంది నాసిక్ అంటారు. నిజమే, దేశంలో ఎక్కువ వైన్ తయారయ్యేది అక్కడే. మా ఊరి నుంచి అది దాదాపు వెయ్యి కిలోమీటర్లు. దానికి వేరే సెలవు పెట్టుకోవాలి. నంది కొండలైతే మన చుట్టాల ఫ్లైట్‌తో పాటే అయిపోతుంది.

దారి

వేముల నుంచి ఎయిర్‌పోర్టు దాదాపు 200 కిలోమీటర్లు, పగలైతే నాలుగు గంటలు. పులివెందుల దాకా అరటి తోటలు, చీనీ తోటలు. మా మండలంలోనే తుమ్మలపల్లె యురేనియం ఫ్యాక్టరీ ఉంది కాబట్టి, బయటివాళ్లకి ఊరిపేరు చెప్తే ముందు దాన్ని గురించే అడుగుతారు. అరటి గురించి ఎవరూ అడగరు. పులివెందుల నుంచి కదిరి, ఓబుళదేవరచెరువు, గోరంట్ల, పాలసముద్రం. ఇదంతా ముద్దనూరు నుంచి హిందూపురం పొయ్యే 716జి జాతీయ రహదారి. జాతీయ రహదారి అన్నారు కదా అని ఒకే తీరుగా ఉంటుందనుకోకండి. కొన్నిచోట్ల హాయిగా ఉంటుంది, కొన్నిచోట్ల ఊరి మధ్యలోంచి బర్రెలతో పాటు పోవాలి.

పాలసముద్రంలో 44వ నంబరు హైవే తగులుతుంది. అక్కడే కస్టమ్స్ అధికారులకి శిక్షణ ఇచ్చే నాసిన్ అకాడమీ కట్టారు, 2024 జనవరిలో ప్రధాని ప్రారంభించారు. అక్కడి నుంచి కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం, దేవనహళ్లి. నున్నటి రోడ్డు. అదే ప్రమాదం కూడా. కదిరి నుంచి గుంతలు, స్పీడ్ బ్రేకర్లు చూసుకుంటూ ఒళ్లు దగ్గర పెట్టుకుని వచ్చినవాడికి, ఆ నున్నటి రోడ్డు ఎక్కగానే కన్ను మూతపడుతుంది. తిరుగు ప్రయాణంలో దీనికి రివర్స్. హైవే మీద నూరు స్పీడ్‌కి అలవాటుపడి గోరంట్ల రోడ్డులోకి తిరుగుతాం. కాలు దించడం మర్చిపోతాం. నాకు జరిగింది అదే.

కొడికొండ నుంచి ముప్పవరం దాకా 544జి అని కొత్త గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు, 342 కిలోమీటర్లు, పనులు నడుస్తున్నాయి. అది పూర్తిగా తెరుచుకుంటే ఈ పేరా మొత్తం మార్చి రాయాలి. అప్పటిదాకా మ్యాప్‌ని గుడ్డిగా నమ్మొద్దు. రెండు నిమిషాలు ఆదా అవుతాయని అది పల్లె రోడ్లలోకి తిప్పుతుంది. గోరంట్ల, పాలసముద్రం అని మధ్యలో స్టాప్‌లు పెట్టుకుంటే మెయిన్ రోడ్డు వదలదు. ఓడీసీ చుట్టుపక్కల సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకుండా మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి.

తోట ఎప్పుడు?

అసలు పేచీ ఇక్కడే. అన్నకి ఉన్న సెలవు 10 రోజులు. జేజికి 80 దాటాయి. ఆ 10 రోజుల కోసం ఆమె సంవత్సరం నుంచి చూస్తాంది. దిగిన రోజు తోటకి పోయి, ఆ రాత్రి అక్కడే పడుకుని మర్నాడు వస్తే భద్రమే, కానీ జేజి దగ్గర ఒక రోజు తగ్గుతుంది. పడుకోకుండా వచ్చేస్తే రోజు మిగులుతుంది, మేం మిగులుతామో లేదో. లెక్క ఎటు తిప్పినా కుదరలేదు. రెండు రోజులు కాగితం మీద గీసి గీసి, మూడో రోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే తట్టింది. తోట వచ్చేటప్పుడు కాదు, పొయ్యేటప్పుడు పెట్టుకోవాలి.

చూడండి. గల్ఫ్‌కి, అమెరికాకి పొయ్యే విమానాలు చాలావరకు రాత్రివేళ లేస్తాయి. అన్నవాళ్లది తెల్లవారుజామున 3:50కి. మామూలుగా ఏం చేస్తాం? మధ్యాహ్నం అన్నం తిని, ఏడుపులయ్యాక నాలుగింటికి బయలుదేరి, రాత్రి తొమ్మిదికల్లా చేరి, పార్కింగ్‌లో డోర్లు తెరుచుకుని కూర్చుంటాం. దోమలు. తర్వాత వాళ్లని లోపలికి పంపించి అర్ధరాత్రి వెనక్కి. అంటే ఆ రోజు పగలంతా ఇంట్లో ఊరికే గడియారం చూస్తూ పోతుంది, రాత్రంతా రోడ్డు మీద పోతుంది. దాన్నే తిరగేస్తే? పొద్దున్నే బయలుదేరి, పగలు ప్రయాణం చేసి, మధ్యాహ్నం తోట చూసి, సాయంత్రం దేవనహళ్లిలో లాడ్జి తీసుకుని పడుకుని, రాత్రి విమానం. తాగేవాళ్లు ఎట్లాగూ విమానం ఎక్కిపోతారు. నడిపేవాడు లాడ్జిలో పడుకుని తెల్లారాక ఇంటికొస్తాడు. తాగిన తర్వాత ఎవరూ దూరం నడపాల్సిన పనే లేదు.

వచ్చే రోజు సంగతి అంతకన్నా తేలిక. ఒకటిన్నరకి దిగారు, బయటికొచ్చేసరికి మూడు. ఎయిర్‌పోర్టు దగ్గరే ముందే తీసుకున్న రూములో ఎనిమిది దాకా నిద్ర. నేను వాళ్లకన్నా ముందే, సాయంత్రమే చేరి పడుకున్నాను. తొమ్మిదిన్నరకి బయలుదేరితే రెండు గంటలకి జేజి వండిన రాగిసంగటి, నాటుకోడి ముందున్నాం. రూముకి డబ్బులు దండగ అని నాయన గొణిగాడు. అక్క మాత్రం ఆ మాట వినగానే లోపలికెళ్లి, పర్సులోంచి డబ్బులు తెచ్చి నా చేతిలో పెట్టింది. నాయన ఇంకేం అనలేదు.

పొయ్యే రోజుకి ఇంకో మలుపు వచ్చింది. ముందు రోజు రాత్రి జేజి "నేనూ వస్తా" అంది. ఎప్పుడూ గుమ్మం దగ్గరే ఆగిపోయే మనిషి. పగలు ప్రయాణం, రాత్రి పడుకోడానికి మంచం ఉంది అనేసరికి ఆమెకి ధైర్యం వచ్చింది. "యాడికో సారా ఫ్యాక్టరీకి పోతాండారంట గదా, నేనూ సూస్తా."

ఆరింటికి కదిలాం. కదిరిలో టిఫిన్. టైముంటే కదిరి నుంచి పాతిక కిలోమీటర్లలో తిమ్మమ్మ మర్రిమాను, ఇంకోవైపు కటారుపల్లిలో వేమన సమాధి ఉన్నాయి. మేం రెండూ వదిలేశాం. ఒకే రోజులో అన్నీ కుక్కితే ఏదీ చూసినట్టుండదు. లేపాక్షి కూడా అంతే, కొడికొండ దగ్గర్నుంచి చాలా దగ్గర, అది విడిగా ఒక పూట అడుగుతుంది. నంది కొండ పైకి కూడా పోలేదు. 1,478 మీటర్ల ఎత్తు, శని ఆదివారాల్లో తెల్లవారుజామునే బైకుల వరస. కింద నంది గ్రామంలో భోగనందీశ్వరాలయం ఉంది చూడండి, జేజితో పోతే అదే సరైనది. మెట్లు ఎక్కే పనిలేదు, నల్లటి రాతి మంటపాల్లో చల్లగా కూర్చోవచ్చు. కుర్రాళ్లు చాలామంది చిక్కబళ్ళాపురం దగ్గరి 112 అడుగుల ఆదియోగికి పోతున్నారు. మా వదినకి అదీ చూడాలని ఉండింది, టైం లేదని నచ్చజెప్పాం.

ద్రాక్ష

చిక్కబళ్ళాపురం దాటి నంది వైపు తిరిగితే రోడ్డు పక్కనే బండ్ల మీద నల్లద్రాక్ష. ఇది వైన్ కంపెనీల ద్రాక్ష కాదు, బెంగుళూరు బ్లూ. తోలు మందం, గింజ ఉంటుంది, వాసన మాత్రం గది నిండేంత. ఈ చుట్టుపక్కల తప్ప ఎక్కువగా పండదు, 2013లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జ్యూస్‌లకి, తియ్యటి వైన్‌కి వాడతారు.

బండి దగ్గర జేజి రెండు కిలోలు తూకం వేయించింది. అమ్మేవాడు తెలుగులోనే మాట్లాడాడు. బాగేపల్లి నుంచి ఇక్కడిదాకా తెలుగు ఎక్కడా తెగదు. ఎర్రమట్టి వైపు చూసి జేజి అడిగిన మొదటి ప్రశ్న రేటు గురించి కాదు. "బోరు ఎన్నడుగులు నాయనా?"

"వెయ్యి దాటిపోయింది అవ్వా."

"మాయీ అంతే" అంది ఆమె, చాలా పాత స్నేహితుడితో మాట్లాడినట్టు. చిక్కబళ్ళాపురం జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. ఇప్పుడు బెంగుళూరు మురుగునీటిని శుద్ధి చేసి, హెబ్బాళ-నాగవార పథకం కింద ఇక్కడి చెరువులు నింపుతున్నారు. మన పులివెందుల వైపు కృష్ణ నీళ్లు గండికోట మీదుగా చిత్రావతి రిజర్వాయర్‌కి ఎక్కించినట్టు. ఎవరి అవస్థ వాళ్లది.

నంది కొండల కిందికి వైన్ ద్రాక్ష తెచ్చింది కన్వల్ గ్రోవర్ అనే వ్యాపారి. పని మీద ఫ్రాన్స్ వెళ్లి వస్తూ వైన్ మీద మనసు పడ్డాడు. జార్జ్ వెసెల్ అనే ఫ్రెంచ్ నిపుణుణ్ని వెంటబెట్టుకుని దేశంలో ఎక్కడ పండుతుందో వెతికాడు. రకరకాల ఫ్రెంచ్ ద్రాక్షలు నాటి చూసి, ఈ నేల దగ్గర ఆగారు. 1992లో మొదటి సీసాలు వచ్చాయి. 2012లో నాసిక్ వైపు కంపెనీతో కలిసి గ్రోవర్ జంపా అయింది. టూర్‌కి ముందుగా బుక్ చేసుకోవాలి, వారాంతం అయితే ఇంకా ముందుగా. ఫోన్ చేసి పిల్లలూ పెద్దలూ ఉన్నారని, తాగని వాళ్లున్నారని చెప్పండి, దాన్ని బట్టి చెప్తారు.

ఇక్కడే ఎందుకు, మన వేములలో ఎందుకు కాదు? అన్న అడిగాడు, నాకూ అదే అనుమానం. మట్టి చూస్తే తేడా తెలీదు. తేడా ఎత్తులో ఉంది. ఈ ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్లు. పగలు ఎండ కాసినా రాత్రి చల్లబడుతుంది. ఆ చల్లదనానికే ద్రాక్షలో పులుపు నిలుస్తుంది, వైన్‌కి అది ప్రాణం. మన కడప ఎండకి చక్కెర ఎక్కుతుంది కానీ పులుపు కాలిపోతుంది. చీనీకి, అరటికి మన ఎండ వరం, దీనికి శాపం.

ఇంకో సంగతి నాకు కొత్త. యూరప్‌లో, నాపాలో చలికాలం వస్తే తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. మన దగ్గర దానికి నిద్రలేదు. వదిలేస్తే ఏడాదంతా పెరుగుతూనే ఉంటుంది. అందుకని రైతే రెండుసార్లు కత్తిరిస్తాడు. ఎండాకాలం మొదట్లో ఒకసారి, కొమ్మ కోసం. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకోసారి, కాయ కోసం. కోత జనవరి నుంచి మార్చి దాకా. ఫిబ్రవరిలో పోయాం కాబట్టి మాకు గుత్తులు కనిపించాయి. జూన్, జూలైల్లో పోతే ఆకులే. ప్లాన్ చేసేవాళ్లు ఇది మర్చిపోకండి, ఫోటోలు చూసి పోయి నిరాశపడతారు.

లోపల స్టీలు ట్యాంకులు, ఓక్ చెక్క పీపాలు. ఎర్ర వైన్‌కి తోలుతో సహా పులియబెడతారు, తెల్లదానికి ముందే రసం పిండేస్తారు. రంగంతా తోలులోనే ఉంటుంది. జేజి ఆ పీపాల గదిలో చెయ్యి పెట్టి చూసి, "మన ఊరగాయ జాడీల గది మాదిరి సల్లగుంది" అంది. గైడ్ కుర్రాడికి ఆ మాట ఇంగ్లిష్‌లో చెప్పడానికి వదిన చాలా కష్టపడింది.

టేస్టింగ్‌లో అన్న, వదిన గ్లాసు తిప్పడాలు, వాసన చూడటాలు అన్నీ చేశారు. నేను మంచినీళ్లు. బాధేం లేదు, అబద్ధం చెప్పను, కొంచెం ఉంది. కర్ణాటకలో 21 ఏళ్లు నిండనివాళ్లకి పొయ్యరు, మన రాష్ట్రంలోనూ అంతే. బండి నడిపేవాడి రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. టేస్టింగ్ గ్లాసులు చిన్నవే కదా అనుకుంటాం, అయిదు చిన్న గ్లాసులు కలిపితే చిన్నవి కావు.

సీసాలు కొనేముందు కూడా ఆలోచించాలి. రాష్ట్రం దాటించి కారులో తేవడం పెట్టుకోవద్దు, చెక్‌పోస్టు దగ్గర జేజిని కూర్చోబెట్టుకుని సంజాయిషీ చెప్పుకోవడం నాకైతే ఇష్టం లేదు. మాది పొయ్యే రోజు కాబట్టి ఆ బాధ లేదు, సీసాలు అన్న పెట్టెలోకి పోయాయి. చేతి సంచిలో కుదరదు, 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలు సెక్యూరిటీలో ఆపేస్తారు. చెక్ఇన్ పెట్టెలో, చీరల మడతల మధ్య. 21 దాటిన మనిషికి ఒక లీటరు దాకా అమెరికాలో సుంకం ఉండదు. ఒక్కో సీసా 750 మిల్లీలీటర్లు, కాబట్టి అన్నకొకటి, వదినకొకటి.

నాలుగున్నరకి దేవనహళ్లి లాడ్జిలో ఉన్నాం. అక్కడి నుంచి ఏడుపులు మామూలే, కానీ ఈసారి కూర్చుని, నింపాదిగా ఏడ్చారు. జేజి అన్న తల తన ఒళ్లో పెట్టుకుంది. నలభై దాటినోడు, రెండు గంటలు అట్లాగే నిద్రపోయాడు. పార్కింగ్‌లో దోమల మధ్య ఇది జరిగేది కాదు.

రాత్రి పన్నెండుకి వాళ్లిద్దర్నీ టెర్మినల్ 2 దగ్గర దింపి వచ్చాను. ఏడు దాకా పడుకున్నాను. జేజి అయిదుకే లేచి స్నానం చేసి కూర్చుంది, నన్ను లేపలేదు.

పాలసముద్రం దగ్గర హైవే దిగి, గోరంట్ల దాటాక ఆ కల్వర్టు వచ్చింది. పగటి వెలుతురులో దాన్ని మొదటిసారి చూశాను. నేననుకున్నదానికన్నా గోడ చిన్నది, కింద వంక మాత్రం చాలా లోతు. జేజికి ఏం చెప్పలేదు. స్పీడ్ నలభైకి దించాను.

కదిరిలో టీకి ఆపితే ఫోన్‌లో అన్న మెసేజ్ ఉంది. "దుబాయ్‌లో దిగినాం. జేజి ఎట్లుంది?"

కారు వైపు చూశాను. ద్రాక్ష కవర్ ఒళ్లో పెట్టుకుని, గింజలన్నీ కాగితంలో మడిచి పక్కన పెట్టి, నోరు తెరుచుకుని నిద్రపోతాంది. ఫోటో తీసి పంపించాను.